టైమ్‌సీల్ కోసం వెతకడం ఆపి, మీరే కంపైల్ చేసుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. 64 బిట్ ఉబుంటు ఉన్న ల్యాప్‌టాప్‌లో ఎక్స్‌బోర్డ్ అనే చదరంగం ప్రోగ్రామ్ వేసుకున్నారు. ఫిక్స్, అంటే ఫ్రీ ఇంటర్నెట్ చెస్ సర్వర్‌కి కనెక్ట్ అవుతోంది, ఆట కూడా సాగుతోంది. కానీ 3 నిమిషాల బ్లిట్జ్‌లో ప్రతి ఎత్తుకీ సెకను, సెకనున్నర ఊరికే కరిగిపోతోంది. ఎవరో టైమ్‌సీల్ పెట్టుకోమన్నారు, అంటే నెట్‌లో పోయే సమయం మీ గడియారంలో పడకుండా చూసే చిన్న ప్రోగ్రామ్. ఎక్కడో పాత సైట్‌లో దొరికిన ఫైల్ దించుకుని నడిపితే అలాంటి ఫైలు లేదని అంటోంది. ఫైలేమో కళ్ళ ముందే ఉంది. పోనీ సోర్స్, అంటే మనిషి రాసిన అసలు కోడ్ తెచ్చి, దాన్ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చుకుందామంటే, అదే కంపైల్ చేసుకుందామంటే, అధికారిక సోర్స్ ఎక్కడా దొరకలేదు.

ఒక మాట ముందే చెప్తాను. కమాండ్లన్నీ పలికినట్టు తెలుగులోనే రాస్తున్నాను. మీరు ఇంగ్లీష్ చిన్నక్షరాల్లో కొట్టండి. హైఫన్ అన్నచోట గీత, డాట్ అన్నచోట చుక్క, స్లాష్ అన్నచోట వాలుగీత. పెద్దక్షరం కావాల్సిన చోట విడిగా చెప్తాను.

ముందు ఆ "లేని ఫైల్" సంగతి చూద్దాం. మీరు దించుకున్నది దాదాపు ఖాయంగా 32 బిట్ ఇంటెల్ లైనక్స్ కోసం ఎప్పుడో తయారుచేసిన బైనరీ, అంటే ముందే కంపైల్ చేసి ఉంచిన ప్రోగ్రామ్. అలాంటి ప్రోగ్రామ్ తనంతట తాను నడవదు. తనని మెమరీలోకి ఎక్కించే లోడర్ ఎక్కడుందో ఆ ఫైల్‌లోనే రాసి ఉంటుంది, లిబ్ ఫోల్డర్‌లో ఎల్‌డీ హైఫన్ లైనక్స్ డాట్ ఎస్‌ఓ డాట్ 2 అని. మీ 64 బిట్ సిస్టమ్‌లో ఆ 32 బిట్ లోడర్ లేదు. కెర్నెల్ "లేదు" అంటున్నది దాని గురించి, మీ ఫైల్ గురించి కాదు. కానీ షెల్, అంటే మీ కమాండ్లు అందుకునే ప్రోగ్రామ్, మాత్రం మీరు కొట్టిన పేరే పక్కన అచ్చేస్తుంది, దాంతో మనం ఒక పూటంతా పాత్‌లు సరిచూసుకుంటూ కూర్చుంటాం. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, నేనూ కూర్చున్నాను.

నిర్ధారణకి ఫైల్ అనే కమాండ్ ఉంది. ఫైల్, స్పేస్, మీరు దించుకున్న దాని పేరు. జవాబులో ఈఎల్‌ఎఫ్ 32 బిట్, ఇంటెల్ 80386 అని వస్తే నేను చెప్పిందే. జీజిప్ డేటా అని వస్తే దాన్ని ఇంకా విప్పలేదన్నమాట, ముందు గన్‌జిప్ కొట్టాలి. హెచ్‌టీఎమ్‌ఎల్ డాక్యుమెంట్ అని వచ్చిందంటే మీరు దించుకున్నది ప్రోగ్రామే కాదు, "పేజీ దొరకలేదు" అని చెప్పే వెబ్‌పేజీని టైమ్‌సీల్ పేరుతో దాచుకున్నారు. ఈ మూడోది మీరనుకునేదానికన్నా ఎక్కువ జరుగుతుంది, ఎందుకంటే పాత లింకులు చాలావరకు చచ్చిపోయాయి.

32 బిట్ బైనరీనే నడిపించాలని పట్టుదల ఉంటే దారి ఉంది. డీపీకేజీకి ఐ386 ఆర్కిటెక్చర్‌ని జోడించి, ఆప్ట్‌ని అప్‌డేట్ చేసి, లిబ్‌సీ6 కోలన్ ఐ386 అనే ప్యాకేజీ వేస్తే లోడర్ వస్తుంది, అది నడిచే అవకాశం ఉంది. కానీ నేనైతే ఆ పని చేయను. ఎవరు కట్టారో, ఎవరి చేతులు మారి వచ్చిందో తెలియని బైనరీని నెట్‌వర్క్‌కి కలిపి నడపడం నాకు ఇష్టం ఉండదు. సోర్స్ చూస్తే మీకూ నవ్వొస్తుంది, ఆ ప్రోగ్రామ్ అంత చిన్నది. రెండొందల లైన్లు కూడా ఉండని సి ఫైల్ కోసం ఇన్ని తిప్పలు ఎందుకు?

దానికి ముందు, అసలు అది ఏం చేస్తుందో తెలియాలి. తెలియకపోతే పనిచేస్తోందో లేదో కూడా చెప్పలేం.

కథ 1992లో మొదలైంది. ఆ జనవరిలో మొదటి ఇంటర్నెట్ చెస్ సర్వర్ వచ్చింది. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం కంప్యూటర్‌లో, 5000 నంబరు పోర్టు మీద నడిచేది. పోర్టంటే కంప్యూటర్‌లోకి వెళ్ళే నంబరు వేసిన తలుపు లాంటిది. టెల్‌నెట్ అనే, అక్షరాలు మాత్రమే పంపి తెచ్చే పాత ప్రోగ్రామ్‌తో వెళ్ళి, ఎత్తుని అక్షరాల్లో టైప్ చేస్తే, బోర్డు అక్షరాలతోనే గీసి వచ్చేది. మీరు ఇవాళ ఎక్స్‌బోర్డ్‌లో చూసే ఆ 5000 అప్పటి ఆనవాలే. ఆ సర్వర్ గడియారం అప్పట్లో చాలా మొండిది: మీ ప్రత్యర్థి ఎత్తు తనకి అందిన క్షణం నుంచి మీ ఎత్తు తనకి అందే క్షణం దాకా మొత్తం మీ ఖాతాలోనే రాసేది. మీరు ఆలోచించిన 2 సెకన్లూ మీవే, తీగల్లో పోయిన 3 సెకన్లూ మీవే.

కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్ డేనియల్ స్లేటర్ ఆ సర్వర్ బాధ్యత తీసుకుని బాగుచేసిన వాటిలో ఇదొకటి. మీ కంప్యూటర్‌కీ సర్వర్‌కీ మధ్య ఒక చిన్న ప్రోగ్రామ్ కూర్చుంటుంది. బోర్డు మీ దగ్గరికి ఎప్పుడు చేరింది, మీ ఎత్తు మీ దగ్గర్నుంచి ఎప్పుడు బయల్దేరింది అని రెండు సమయాలు రాసి పంపుతుంది. సర్వర్ ఆ తేడా మాత్రమే మీ గడియారంలోంచి తీసేస్తుంది. దాని పేరు టైమ్‌స్టాంప్. 1995లో స్లేటర్ ఆ సర్వర్‌ని ఇంటర్నెట్ చెస్ క్లబ్ పేరుతో వ్యాపారంగా మార్చి ఏడాదికి 49 డాలర్ల చందా పెట్టారు. ఉచితంగా ఆడుకుంటూ, ఉచితంగా కోడ్ రాసిచ్చినవాళ్ళలో చాలామందికి మండింది. ఆ మంటలోంచే అదే ఏడాది ఫిక్స్ పుట్టింది. పేరులో "ఫ్రీ" అన్న మాట ఊరికే రాలేదు. ఫిక్స్ వాళ్ళు తమ సర్వర్‌కి సొంతంగా చేసుకున్న టైమ్‌స్టాంపే టైమ్‌సీల్. కాబట్టి ఇవి రెండూ ఒకటి కాదు. క్లబ్‌కి టైమ్‌స్టాంప్, ఫిక్స్‌కి టైమ్‌సీల్. ఒకదాని బదులు ఇంకొకటి పెడితే లాగిన్ దగ్గరే చెత్త అక్షరాలు కనబడతాయి.

రెండింటినీ బైనరీలుగానే ఇచ్చారు. కారణం ఊహించడం కష్టం కాదు. "నేను ఇంతసేపే ఆలోచించాను" అని చెప్పేది ఆటగాడి కంప్యూటరే అయినప్పుడు, ఆ చెప్పే ప్రోగ్రామ్ సోర్స్ అందరి చేతిలో పెడితే దొంగ లెక్క చెప్పేవాడు ఒకడు తప్పక వస్తాడు. మీకు అధికారిక సోర్స్ దొరకకపోవడంలో మీ తప్పేమీ లేదు.

అయితే ఇలాంటి తాళాలు ఎంతకాలం ఆగుతాయి చెప్పండి? బైనరీ ఏం పంపుతోందో చూసి, అదే పని చేసే ప్రోగ్రామ్‌ని సోర్స్‌తో సహా బయటపెట్టారు. దాని పేరు ఓపెన్‌సీల్. మీరు వెతకాల్సింది టైమ్‌సీల్‌ని కాదు, దీన్ని. ఒకే ఒక్క సి ఫైల్. దాని నకళ్ళు ఇవాళ చాలాచోట్ల, కోడ్ నిల్వ చేసే సైట్లలోనూ ఇతర ప్రోగ్రాముల సోర్స్ పక్కనా దొరుకుతాయి. అదీ దొరక్కపోతే పైచెస్ అనే ఇంకో చదరంగం ప్రోగ్రామ్ సోర్స్ దించుకోండి. అందులో ఐసీ అనే ఫోల్డర్‌లో ఇదే పని పైథాన్‌లో రాసి ఉంది. కంపైల్ గొడవే లేదు. నిజానికి ఎక్స్‌బోర్డ్ మీద ప్రత్యేకమైన ప్రేమ లేనివాళ్ళు పైచెస్ వేసుకుంటే టైమ్‌సీల్ ఊసే లేకుండా ఫిక్స్‌లో ఆడొచ్చు, ఎందుకంటే అది లోపలే ఉంది. మీరు ఎక్స్‌బోర్డే కావాలన్నారు కాబట్టి ముందుకెళ్దాం.

ఎక్కడ దొరికిన నకలైనా సరే, కంపైల్ చేసేముందు ఒకసారి చదవండి. పది నిమిషాల పని. సిస్టమ్, పోపెన్, ఎగ్జెక్ అనే పేర్లు ఎడిటర్‌లో వెతకండి. అవి ఉండకూడదు. మీ ఫైళ్ళు తెరిచే ఎఫ్‌ఓపెన్ ఉండకూడదు. కనెక్ట్ అనే పిలుపు ఒక్కచోటే ఉండాలి, అది మీరిచ్చిన సర్వర్ పేరుకే వెళ్ళాలి. ఇవి సరిపోతే మిగతాది కళ్ళతో చూసి ఆనందించదగ్గదే. ఏముంటుందో చెప్తాను, మీ దగ్గరున్న నకలు అసలైనదో కాదో దీన్నిబట్టే తెలుస్తుంది.

మొదట కనెక్ట్ కాగానే సర్వర్‌కి ఒక పలకరింపు వాక్యం పోతుంది: నేను ఫలానా ప్రోగ్రామ్‌ని, ఫలానా సిస్టమ్ మీద నడుస్తున్నాను అని, మధ్యలో నిలువు గీతలతో. ఆ తర్వాత మీరు కొట్టే ప్రతి లైన్‌కీ చివర సమయం అంటిస్తుంది. ఆ సమయం గోడ గడియారం టైమ్ కాదు. సెకన్లని 10000తో భాగిస్తే మిగిలే శేషం తీసుకుని, దాన్ని మిల్లీసెకన్లలోకి మారుస్తుంది. అంటే రెండు గంటల 46 నిమిషాల 40 సెకన్లకి ఒకసారి మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. సర్వర్‌కి కావాల్సింది రెండు సమయాల మధ్య తేడా మాత్రమే కాబట్టి, మీ ల్యాప్‌టాప్ గడియారం పదిహేను నిమిషాలు వెనకున్నా ఫర్వాలేదు. ఆట మధ్యలో ఎవరూ దాన్ని తిప్పకపోతే చాలు.

సమయం అంటించాక లైన్ పొడవు 12తో భాగించబడేదాకా చివర ఒకట్లు నింపుతుంది. ప్రతి 12 అక్షరాల ముక్కలో మూడు జతల్ని అటూ ఇటూ మారుస్తుంది: మొదటిదాన్ని చివరిదానితో, మూడోదాన్ని పదోదానితో, అయిదోదాన్ని ఎనిమిదోదానితో. ఆ తర్వాత ఒక తాళంతో ప్రతి అక్షరాన్ని ఎక్సార్ చేస్తుంది, అంటే తాళంలోని అక్షరంతో బిట్లవారీగా కలిపి మార్చేస్తుంది. తాళం ఏమిటనుకున్నారు? టైమ్‌స్టాంప్ (ఫిక్స్) అన్న పేరు, వెర్షన్, రాసినవాడి పేరు హెన్రిక్ గ్రామ్ అని చెప్పే ఒక ఇంగ్లీష్ వాక్యం. చుక్కతో కలిపి సరిగ్గా 50 అక్షరాలు. సంతకమే తాళం. ఎవరికైనా ముచ్చటేస్తుంది.

ముచ్చట సరే, ఇది రహస్య భద్రత ఏమాత్రం కాదని కూడా దీన్నిబట్టే తెలుసుకోండి. తాళం అందరికీ తెలుసు. మీ పాస్‌వర్డ్ కూడా ఈ ముసుగులోనే పోతుంది. బ్యాంకుకో మెయిల్‌కో వాడే పాస్‌వర్డ్ ఇక్కడ పెట్టొద్దు. ఫిక్స్‌కి వేరేది, పోయినా బాధలేనిది పెట్టుకోండి.

రెండో దిక్కున జరిగేది ఇంకా చిన్న పని. సర్వర్ బోర్డు పంపేటప్పుడు దానితోపాటు చదరపు బ్రాకెట్ల మధ్య జీ అనే పెద్దక్షరం, దాని వెంట ఒక సున్నా బైట్ పంపుతుంది. "అందిందా?" అని అడగడం అన్నమాట. సాయం చేసే ప్రోగ్రామ్ ఆ గుర్తుని మీకు చూపించకుండా మింగేసి, అందిందని అప్పటి సమయం అంటించి వెంటనే జవాబిస్తుంది. మీరు ఎత్తు వేశాక దాని సమయం విడిగా పోతుంది. రెండో సమయంలోంచి మొదటిది తీసేస్తే మీరు నిజంగా ఆలోచించింది ఎంతో వస్తుంది. మొత్తం కిటుకు ఇంతే.

ఇప్పుడు కంపైల్. ఉబుంటులో బిల్డ్ హైఫన్ ఎసెన్షియల్ ప్యాకేజీ లేకపోతే సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్‌తో వేసుకోండి. తర్వాత ఫైల్ ఉన్న ఫోల్డర్‌లోకి వెళ్ళి: జీసీసీ, స్పేస్, హైఫన్ పెద్దక్షరం ఓ అంకె 2, స్పేస్, ఓపెన్‌సీల్ డాట్ సి, స్పేస్, హైఫన్ చిన్నక్షరం ఓ, స్పేస్, టైమ్‌సీల్. చిన్న ఓ తర్వాత వచ్చేది తయారయ్యే ప్రోగ్రామ్ పేరు. అక్కడ పొరపాటున సోర్స్ ఫైల్ పేరు కొట్టకండి, జాగ్రత్త.

కొత్త ఉబుంటుల్లో ఇక్కడ రెండు చోట్ల తగలొచ్చు. ఒకటి నాకే తగిలింది. ఓపెన్‌సీల్‌లో ముసుగు వేసే ఫంక్షన్ పేరు క్రిప్ట్. పాస్‌వర్డ్‌ల కోసం సి లైబ్రరీలో అదే పేరుతో ఎప్పట్నుంచో ఒక ఫంక్షన్ ఉంది, యూనిఎస్‌టీడీ హెడర్‌లో దాని ప్రకటన ఉంటుంది. రెండిటి రకాలు కలవవు కాబట్టి కంపైలర్ కన్‌ఫ్లిక్టింగ్ టైప్స్ అని ఆగిపోతుంది. చూడగానే ఇదేదో పెద్ద లోపం అని టెన్షన్ పడొద్దు. ఎడిటర్‌లో ఆ ఫైల్ తెరిచి, క్రిప్ట్ అన్న పేరు ఉన్న ప్రతిచోటా వేరే పేరు పెట్టండి. నేను "ముసుగు" అని ఇంగ్లీష్ అక్షరాల్లో పెట్టుకున్నాను, ఇప్పటికీ అలాగే ఉంది. కంపైలర్‌కి తెలుగు మాటైనా ఒకటే.

రెండోది జీసీసీ 14 నుంచి వచ్చిన కట్టుదిట్టం. హెడర్ కలపకుండా ఫంక్షన్‌ని పిలిస్తే ఇదివరకు వార్నింగ్ ఇచ్చి వదిలేసేది. 2024లో వచ్చిన 14వ వెర్షన్ నుంచి అది నేరుగా ఎర్రర్. ఇంప్లిసిట్ డిక్లరేషన్ అని వస్తే, ఆ ఫంక్షన్ పేరుతో మ్యాన్ పేజీ తెరవండి. పైనే ఏ హెడర్ కలపాలో ఉంటుంది, ఆ లైన్ ఫైల్ మొదట్లో చేర్చండి. బద్ధకమైతే జీసీసీ తర్వాత హైఫన్ ఎస్‌టీడీ ఈక్వల్స్ జీఎన్‌యూ89 అని చేర్చితే పాత మర్యాదలతో ఊరుకుంటుంది. కానీ ఒకటి రెండు హెడర్లకి బద్ధకించడం ఎందుకు, సరిచేసెయ్యండి.

వార్నింగులు ఎన్నొచ్చినా ఫైల్ తయారైతే చాలు. రాస్ప్‌బెర్రీ పైలో కూడా ఇదే వరస, ఇదే కమాండ్. అక్కడ ఇంటెల్ బైనరీ అయితే ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్ అంటుంది, సోర్స్‌కి ఆ బెడద లేదు. మ్యాక్‌లో ముందు ఎక్స్‌కోడ్ హైఫన్ సెలెక్ట్, హైఫన్ హైఫన్ ఇన్‌స్టాల్ కొట్టి టూల్స్ తెచ్చుకోండి. విండోస్‌లో విన్‌బోర్డ్ వాడేవాళ్ళకి టైమ్‌సీల్ దాంతోపాటే వస్తుంది, ఈ జవాబు వాళ్ళు చదవక్కర్లేదు.

ఇక అందరూ తొందరపడేది ఇక్కడే. తయారవగానే ఎక్స్‌బోర్డ్‌కి తగిలించేస్తారు, పనిచేయకపోతే లోపం ఎక్స్‌బోర్డ్‌లోనా, సర్వర్‌లోనా, కంపైల్‌లోనా తెలియదు. ముందు బోర్డు లేకుండా టెర్మినల్‌లోనే పరీక్షించండి. డాట్ స్లాష్ టైమ్‌సీల్, స్పేస్, ఫ్రీచెస్ డాట్ ఓఆర్‌జీ, స్పేస్, 5000. ఫిక్స్ స్వాగత పత్రం వచ్చి, చివర లాగిన్ అని ఆగాలి. గెస్ట్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. గెస్ట్ పక్కన నాలుగు అక్షరాలు చేర్చి మీకో పేరిస్తుంది, ఇంకోసారి ఎంటర్ కొడితే లోపలికి వెళ్తారు. ఇప్పుడు ఫింగర్ అని కొట్టండి. మీ వివరాల్లో టైమ్‌సీల్ ఆన్ అని ఉండాలి. ఆఫ్ అని ఉంటే సర్వర్ మిమ్మల్ని మామూలు టెల్‌నెట్ కింద లెక్కగట్టింది, పలకరింపు వాక్యం సరిగ్గా పోలేదన్నమాట. పింగ్ అని కొట్టి మీ పేరు ఇస్తే మీకూ సర్వర్‌కీ మధ్య సగటు ఎన్ని మిల్లీసెకన్లో కూడా చెప్తుంది. ఈ లెక్క టైమ్‌సీల్ ఉంటేనే వస్తుంది కాబట్టి ఇదే మంచి రుజువు.

తెరమీద బ్రాకెట్లలో జీ అక్షరం పదే పదే కనబడుతుంటే మీ నకలు ఆ గుర్తుని మింగట్లేదు. అంటే జవాబు కూడా పోవట్లేదు. ఎవరో సగం మార్చి వదిలేసిన కోడ్ అది, పారేసి ఇంకో నకలు తెచ్చుకోండి.

స్వాగత పత్రమే రాకపోతే? కనెక్షన్ రెఫ్యూజ్డ్ అనో, లేదంటే ఉలుకూ పలుకూ లేకుండా నిమిషం ఆగి టైమవుట్ అనో వస్తే తప్పు మీది కాదు, మధ్యలో ఎవరో 5000 పోర్టుని మూసేశారు. హాస్టల్ వైఫైల్లోనూ ఆఫీసుల్లోనూ ఇది మామూలే. నేను పనిచేసిన ఒకచోట ఫైర్‌వాల్ చూసుకునే అబ్బాయి నాతో రోజూ మధ్యాహ్నం చదరంగం ఆడేవాడు, పోర్టు మాత్రం తెరవలేదు. 5000 బదులు 23 పెట్టి చూడండి, ఫిక్స్ ఆ టెల్‌నెట్ పోర్టు మీద కూడా పలుకుతుంది. అదీ కుదరకపోతే ఫోన్ హాట్‌స్పాట్.

టెర్మినల్‌లో పని జరిగితే ఇక మిగిలింది అయిదు నిమిషాల పని. ప్రోగ్రామ్‌ని యూజర్ లోకల్ బిన్‌లోకి సుడోతో కాపీ చేయండి. సుడో అవసరం ఈ కాపీకి మాత్రమే, టైమ్‌సీల్‌ని సుడోతో నడపొద్దు. ఆ తర్వాత: ఎక్స్‌బోర్డ్, స్పేస్, హైఫన్ ఐసీఎస్, స్పేస్, హైఫన్ ఐసీఎస్‌హోస్ట్, స్పేస్, ఫ్రీచెస్ డాట్ ఓఆర్‌జీ, స్పేస్, హైఫన్ ఐసీఎస్‌హెల్పర్, స్పేస్, టైమ్‌సీల్. హోస్ట్ ఇవ్వడం మరిచిపోతే ఎక్స్‌బోర్డ్ తన అలవాటు ప్రకారం చెస్‌క్లబ్ వైపు, అంటే డబ్బు కట్టే సర్వర్ వైపు పోతుంది. అక్కడ మీ టైమ్‌సీల్ పనికిరాదు.

హెల్పర్ అన్న ఆ ఆప్షన్ లోపల చేసేది ఏమిటంటే, తనే సర్వర్‌కి కనెక్ట్ కావడం మానేసి, మీరు చెప్పిన ప్రోగ్రామ్‌ని మొదలుపెట్టి, దానికి సర్వర్ పేరు మొదటి మాటగా, పోర్టు రెండో మాటగా ఇస్తుంది. మీరు టెర్మినల్‌లో చేతితో చేసిందే. అందుకే ఆ పరీక్ష ముందు చేయమన్నాను: అక్కడ నడిచింది ఇక్కడా నడుస్తుంది. నడవకపోతే కారణం తొంభై పాళ్ళు పాత్. యూజర్ లోకల్ బిన్‌లో కాకుండా మీ సొంత బిన్ ఫోల్డర్‌లో పెట్టుకున్నారనుకోండి, టెర్మినల్‌కి అది తెలిసినా మెనూలోంచి నొక్కే ఐకాన్‌కి తెలియకపోవచ్చు. అప్పుడు హెల్పర్ తర్వాత ఒట్టి పేరు కాకుండా మొత్తం దారి ఇవ్వండి. పెన్‌డ్రైవ్‌లో పెట్టి నడిపితే పర్మిషన్ డినైడ్ రావచ్చు, అక్కడ ఫైల్ అనుమతులు మార్చే ఛ్‌మోడ్ ఎన్నిసార్లు కొట్టినా లాభం ఉండదు. ఆ డ్రైవ్‌ని ప్రోగ్రాములు నడపకూడని పద్ధతిలో మౌంట్ చేసి ఉంటారు. హార్డ్ డిస్క్‌లోకి తెచ్చుకోండి.

రోజూ పేరు, పాస్‌వర్డ్ కొట్టడం విసుగైతే, మీ హోమ్ ఫోల్డర్‌లో డాట్ ఐసీఎస్‌ఆర్‌సీ అనే ఫైల్ చేసి మొదటి లైన్‌లో పేరు, రెండో లైన్‌లో పాస్‌వర్డ్ రాయండి. ఛ్‌మోడ్ 600 మరిచిపోవద్దు, ఆ ల్యాప్‌టాప్‌లో ఇంకొకరికి లాగిన్ ఉంటే చదివేస్తారు.

ఇక మీ సెకను, సెకనున్నర గురించి. ఇక్కడ నుంచి అమెరికా వెళ్ళి రావడానికి మంచి లైన్ మీద పావు సెకను లోపే పడుతుంది. 40 ఎత్తుల ఆటలో అది 10 సెకన్లు. 3 నిమిషాల ఆటలో నొప్పి తెలుస్తుంది, 1 నిమిషం ఆటలో ప్రాణం పోతుంది. కానీ మీరు చెప్పిన సెకనున్నర దూరం వల్ల వచ్చేది కాదు. మధ్యలో ప్యాకెట్లు పోయి మళ్ళీ పంపుకుంటే వచ్చే ఆలస్యం అది. వైఫై నుంచి తీగకి మారి చూడండి. ఎందుకంటే టైమ్‌సీల్ ఆలస్యాన్ని తగ్గించదు, మీ ఖాతాలో రాయకుండా ఆపుతుంది, అంతే. మీ ఎత్తు ఎదుటివాడికి ఆలస్యంగానే చేరుతుంది, వాడు బోర్డు చూస్తూ కూర్చోవాల్సిందే. నాలుగు ఎత్తులయ్యాక వాడు "లాగ్" అని మెసేజ్ పెడితే కోప్పడకండి.

2002లో విజయవాడలో ఒక నెట్ సెంటర్‌లో గంటకి ఇంత అని కట్టి డయలప్ మీద ఫిక్స్ ఆడేవాణ్ణి. ఒట్టి టెల్‌నెట్, విండోస్‌లో నల్ల తెర. ఒక రాత్రి 5 నిమిషాల ఆటలో ఒక ఏనుగు మిగులు మీదున్నాను, ఎత్తులన్నీ కనబడుతున్నాయి, ఎక్కడా పది సెకన్లకి మించి ఆలోచించలేదు. అయినా నా జెండా పడిపోయింది, అంటే టైమ్ అయిపోయి ఓడిపోయాను. అవతలివాడు ఏ దేశమో గుర్తులేదు కానీ, నన్ను చూసి జాలిపడి ఒకే ఒక్క మాట టైప్ చేశాడు: టైమ్‌సీల్. నేనది అర్థంకాక బూతేమో అనుకున్నాను. హెల్ప్ టైమ్‌సీల్ అని కొడితే వివరాలన్నీ అక్కడే ఉన్నాయని వారం తర్వాత తెలిసింది. మీరూ లాగిన్ అయ్యాక ఆ కమాండ్ ఒకసారి కొట్టి చదవండి. జిప్‌సీల్ అని ఇంకొకటి కూడా ఉంది. సమయంతోపాటు సర్వర్ పంపే అక్షరాలని కుదించి తెచ్చే రకం అది. డయలప్ రోజుల్లో పనికొచ్చేది, మీ లైన్‌కి దాని అవసరం లేదు.

కింద ఒకరు "ఇంత కష్టం ఎందుకు, లైచెస్‌లో ఆడుకోవచ్చు కదా" అన్నారు. ఆడుకోవచ్చు. లైచెస్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఆలస్యం లెక్క తనే చూసుకుంటుంది, ఆటగాళ్ళు కూడా అక్కడే ఎక్కువ. కానీ ఎక్స్‌బోర్డ్ దానికి నేరుగా కనెక్ట్ కాదు, పాత చెస్ సర్వర్ల భాష లైచెస్ మాట్లాడదు. అడిగినాయన ఎక్స్‌బోర్డ్‌తో ఫిక్స్‌లో ఆడాలనుకున్నారు, కారణం ఆయనిష్టం.

కంపైల్ దగ్గర ఆగిపోతే మొదటి ఎర్రర్ లైన్ మాత్రమే ఇక్కడ పెట్టండి, కింద వచ్చే నలభై లైన్లు వద్దు. జీసీసీ హైఫన్ హైఫన్ వెర్షన్ కొడితే వచ్చే నంబర్ కూడా రాయండి. పోర్టు దగ్గర ఆగితే హాట్‌స్పాట్ మీద ఏం వచ్చిందో చెప్పండి. రాత్రి తొమ్మిది తర్వాత చూస్తాను.